పిల్లలు వేపచెట్టు కిందికే ఎందుకు వెళతారు?

ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు ఎక్కడికి పరిగెత్తుతారో చూస్తే, ఆ బడిలో ఏ చోటు ఒంటికి హాయిగా ఉందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఎండ ముదిరాక ఆ పరుగు వేపచెట్టు కిందికో, వరండా అరుగు మీదికో సాగుతుంది. గోడల నిండా బొమ్మలు, కొత్త బల్లలు, తిరిగే ఫ్యాన్లు ఉన్న గది మాత్రం ఖాళీ అవుతుంది. చెట్టు కింద మట్టి, రాళ్లు తప్ప ఏమీ లేవు. అయినా పిల్లలు అక్కడికే పోతారు.

వాళ్ల ఒళ్లు ఒక లెక్క వేసుకుంటుంది. పైనుంచి ఎంత వేడి దిగుతోంది, చుట్టూ ఎంత చప్పుడు ఉంది, వీపు వెనక ఏముంది, కళ్ల ముందు ఏముంది అన్నవి అందులో ముఖ్యమైన అంశాలు. పిల్లలు సేదతీరే చోటును విద్యార్థులే జట్టుగా కూడి రూపొందించే ప్రాజెక్టుకు ఈ లెక్కే పునాది. రంగులు, బొమ్మలు, మెత్తటి దిండ్లు దాని తర్వాతి సంగతి. మార్కాపురం వైపు ఎండలకు, అక్కడి రాతికి, అక్కడి నీళ్లకు ఈ లెక్క ప్రత్యేకంగా వేసుకోవాలి.

నెత్తిమీద పొయ్యి

గదిలో గాలి ఎంత వేడిగా ఉందో థర్మామీటరు చెబుతుంది. ఒంటికి తగిలే వేడిలో అది ఒక భాగమే. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషికి ముఖం చుర్రుమంటుంది, వీపు మామూలుగానే ఉంటుంది. ముందూ వెనకా ఉన్నది ఒకే గాలి. తేడా తెచ్చింది మంట నుంచి నేరుగా ముఖాన్ని తాకే వేడి కిరణాలు. వేడెక్కిన ప్రతి వస్తువూ ఇలాంటి కిరణాలను వెదజల్లుతుంది. అవి కంటికి కనబడవు, చర్మానికి తెలుస్తాయి.

రేకుల షెడ్డు పైకప్పు అలాంటి పొయ్యే, కాకపోతే వెడల్పు ఎక్కువ, మంట ఉండదు. మనిషి చర్మం సుమారు 33 నుంచి 35 డిగ్రీల వేడిలో ఉంటుంది. చుట్టూ ఉన్నవి అంతకన్నా చల్లగా ఉంటే ఒంట్లో వేడి వాటివైపు పోతుంది. పైకప్పు అడుగు భాగం 50 డిగ్రీలకు చేరితే దారి తిరగబడుతుంది, వేడి పైనుంచి ఒంట్లోకి దిగుతుంది. చిన్నపిల్లల బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం పెద్దవాళ్లకన్నా ఎక్కువ, అందువల్ల ఆ వేడి వాళ్ల ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది.

ఫ్యాన్ పైకప్పును చల్లబరచదు. అది చేసే మేలు ముఖ్యంగా చెమటను ఆరబెట్టడం. గాలే 40 డిగ్రీలు దాటిన రోజున ఫ్యాన్ వేడిగాలిని ఒంటిమీదికి తోస్తుంది, అప్పుడు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మార్కాపురం వేసవిలో ఇలాంటి మధ్యాహ్నాలు కొత్త కాదు.

చెట్టు దగ్గర జరిగేది వేరు. ఆకులు వేరు నుంచి వచ్చిన నీటిని సన్నటి రంధ్రాల గుండా ఆవిరిగా వదులుతాయి. కుండలో నీళ్లు చల్లబడినట్టే ఆకూ చల్లబడుతుంది. నిప్పులాంటి ఎండలో కూడా ఆకు వేడి గాలి వేడికి దగ్గరగానే ఉంటుంది, రేకులా 50, 60కి ఎగబాకదు. వేపచెట్టు అంటే పొరలు పొరలుగా వేలాడే చల్లటి పైకప్పు అన్నమాట. గిద్దలూరు హైస్కూలు పిల్లవాడైనా, తర్లుపాడు ప్రాథమిక పాఠశాల పిల్లయినా ఆ కిందికి చేరడానికి మొదటి కారణం ఇది.

స్లాబు గదిది మరో తీరు. కాంక్రీటు మందంగా ఉంటుంది కాబట్టి, ఎండ వేడి పైనుంచి అడుగుకు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. రేకుకు నిమిషాలు చాలు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పిల్లలు ఇంటిదారి పడతారు. అప్పటికి స్లాబు అడుగు ఇంకా పూర్తిగా కాగి ఉండదు. రేకుల గది మాత్రం పది గంటలకే కాగుతుంది. కొత్త చోటు కోసం గది వెతికే జట్టుకు ఈ తేడా ముందుగా తెలిసి ఉండాలి. ఖాళీగా ఉంది కదా అని ఏ బడిలోనైనా ముందుగా చేతికి వచ్చేది రేకుల స్టోరు గదే.

సూర్యుడు ఎటు ఉంటాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మార్కాపురం సుమారు 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 10 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల నడుమ సూర్యుడు ఉత్తరం వైపుకు ఒరిగి నడుస్తాడు. దక్షిణపు కిటికీకి వేసిన సన్‌షేడ్ ఆ నెలల్లో అక్కరకు రాదు. అప్పుడు వేడంతా పైకప్పు నుంచి, సాయంత్రమైతే పడమటి గోడ నుంచి వస్తుంది. ఆగస్టులో బళ్లు తెరిచే ఉంటాయి. మబ్బు లేకపోతే ఆ నీడలేని మధ్యాహ్నాన్ని పిల్లలు కళ్లారా చూడవచ్చు.

> చేసి చూడండి: రెండు పలకలు
> ఒకే సైజు మార్కాపురం పలకలు రెండు తీసుకుని ఒకదానికి సున్నం రెండు పూతలు వేసి ఆరనివ్వాలి. రెండింటినీ ఇటుకల మీద ఎత్తుగా పెట్టి ఎండలో ఉంచాలి. ప్రతి పావుగంటకూ థర్మామీటరు బుడ్డిని పలక అడుగుకు ఆనించి, పక్కన గుడ్డ అడ్డుపెట్టి వేడి రాసుకోవాలి. సున్నపు పలక ఎంత వెనకబడుతుందో గంటలో తేలుతుంది. తెల్లటి సున్నం ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది, నల్లటి పలక మింగుతుంది. పిల్లల చేతిలో ఉన్న ఆ కొలతల కాగితమే పైకప్పుకు తెల్లపూత వెయ్యమని ప్రధానోపాధ్యాయుడికి పెట్టే అర్జీకి ఆధారం. పలకను చేత్తో ముట్టుకుని పరీక్షించకూడదు, నల్లది చెయ్యి కాలుస్తుంది.

తెల్లపూత మేలును ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. సున్నం కొట్టడం మన ఊళ్లకు కొత్త విద్య కాదు. గోడలకు కొట్టిన సున్నాన్ని డాబా మీదికి కూడా ఎక్కించడమే ఇక్కడి పని.

పలకరాయి మంచీ చెడూ

ఈ ప్రాంతం పిల్లలకు ఊరే ఒక సామాను కొట్టు. మార్కాపురం పలకల మీద తెలుగు పిల్లలు తరతరాలుగా అక్షరాలు దిద్దారు. నోటు పుస్తకాలు వచ్చాక రాతపలక తగ్గింది, రాయి టైళ్లుగా మారి విదేశాలకు పోతోంది. కోతలో విరిగిన ముక్కలు ఫ్యాక్టరీల దగ్గర గుట్టలు పడి ఉంటాయి. సేదతీరే చోటుకు నేల పరచడానికి పిల్లల చూపు ముందు వాటి మీదే పడుతుంది.

వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలం కిందట నీటి అడుగున పేరుకున్న సన్నటి బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయింది. ఆ ఒత్తిడిలో రేకుల్లాంటి ఖనిజపు పొరలన్నీ ఒకే వరసలో పడుకున్నాయి. అందుకే ఉలి పెట్టి కొడితే రాయి తమలపాకుల కట్టలా పొరలుగా విడిపోతుంది. నీటిని పెద్దగా పీల్చదు, తుడిస్తే శుభ్రమవుతుంది.

నీడలో ఉన్న పలకరాతి మీద చెప్పులు విప్పి నిలబడితే పాదానికి హాయిగా ఉంటుంది. పక్కనే ఉన్న చెక్కబల్లకు ఆ చల్లదనం ఉండదు. థర్మామీటరు పెడితే రెండూ ఒకే వేడి చూపిస్తాయి. రాయి పాదం నుంచి వేడిని గబగబా లాగేసుకుంటుంది, చెక్క నెమ్మదిగా తీసుకుంటుంది. చర్మం కొలిచేది వస్తువు వేడిని కాదు, తన నుంచి వేడి పోయే వేగాన్ని. అదే రాయి ఎండలో ఉంటే ఈ గుణమే తిరగబడి, కాగిన వేడిని అంతే వేగంగా పాదంలోకి పంపిస్తుంది. అందువల్ల పలకరాతి నేల నీడ వదలని చోటే ఉండాలి. వరండా లోపలి వరసకు తగును, ముంగిట మెట్టుకు తగదు.

ఇక్కడ ఒక కచ్చితమైన కట్టుబాటు ఉంది. పిల్లలు రాతిని కొయ్యకూడదు, అరగదీయకూడదు. పలకరాతి దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి ఆనని ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగి మచ్చలు కడతాయి. సిలికోసిస్ అనే ఆ జబ్బుకు నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కార్మికులు ఈ జబ్బుతో పడిన బాధ వైద్యగ్రంథాలకు ఎక్కింది. ముక్కలను ఫ్యాక్టరీలోనే తడిపి కోయించి, అంచులు మొద్దు చేయించి తెచ్చుకోవాలి.

మాటను మాట మింగే గది

ఖాళీ స్లాబు గదిలో ఒకసారి చప్పట్లు కొడితే చప్పుడు వెంటనే ఆగదు, గోడ నుంచి గోడకు తగిలి కాసేపు తిరుగుతుంది. పిల్లలకు ఇది ఆట, చదువుకు ఇబ్బంది. తెలుగు మాటల్లో తేడా చాలాసార్లు ఒక్క హల్లులో ఉంటుంది. కల వేరు, గల వేరు, తల వేరు. అచ్చులు గట్టిగా పలుకుతాయి, హల్లులు క్షణంలో మెరిసి పోతాయి. ముందటి అచ్చు తోక ఇంకా గదిలో తిరుగుతుంటే తర్వాతి హల్లు దాని కింద పడి నలిగిపోతుంది. పిల్లలు వినబడక గొంతు పెంచుతారు, పెంచిన గొంతు మరింత చప్పుడు అవుతుంది, అందరూ ఇంకా అరుస్తారు. సాయంత్రానికి పిల్లలకూ టీచర్లకూ తలనొప్పి.

దీనికి మందు కనిపెట్టినవాడు హార్వర్డ్ యువ అధ్యాపకుడు వాలెస్ సబీన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఒక్కమాట పలికితే సుమారు ఐదున్నర సెకన్లు తిరుగాడేది. సబీన్ రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కో వరస పరుస్తూ, చప్పుడు ఎంతసేపటికి ఆగుతుందో కొలిచాడు. మెత్తలు పెరిగిన కొద్దీ తిరుగుడు తగ్గింది. దూది పోగుల మధ్య ఇరుక్కున్న గాలి కదలలేక కదిలి, ఆ రాపిడిలో చప్పుడు శక్తి రవ్వంత వేడిగా మారిపోతుంది. చిన్న తరగతి గదిలో ఈ తిరుగుడు 0.6 సెకను దాటకూడదని నేటి అమెరికా ప్రమాణం.

ఈ ప్రాంతపు ఇళ్లలో ఆ మెత్త పేరు బొంత. పాతచీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంతలను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా కర్రకు వేలాడదీస్తే, ఎడం లేకుండా అతికించినదానికన్నా ఎక్కువ చప్పుడు తాగుతాయి. మధ్యాహ్న భోజనం గుడ్ల ట్రేలు బడిలో ఎన్నైనా దొరుకుతాయి కాబట్టి వాటిని గోడకు అతికించాలన్న ఆలోచన ప్రతి జట్టుకూ వస్తుంది. అట్ట పలచన, లోపల పోగులు తక్కువ. సన్నటి కీచు చప్పుళ్లను కొద్దిగా తగ్గించగలవు, మాటల గోలను కాదు. పైగా ఇట్టే అంటుకుంటాయి. బొంత కట్టిన గదిలో, కట్టని గదిలో చప్పట్లు కొట్టి విన్నాక పిల్లలే ట్రేలను పక్కన పెట్టేస్తారు.

అరుగు ఎందుకు బాగుంటుంది

పాత తెలుగు ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషికి వీపు వెనక గోడ, తలమీద చూరు, కళ్ల ముందు వీధి ఉంటాయి. వెనక నుంచి ఎవరూ రారు, ముందు వచ్చేవాళ్లంతా కనబడతారు. బ్రిటిష్ భూగోళవేత్త జే ఆపిల్టన్ 1975లో ఈ సంగతినే సిద్ధాంతం చేశాడు. తాను దాగి ఉంటూ లోకాన్ని చూడగలిగే చోటు మనిషికి హాయినిస్తుందని, ఆదిమ కాలం నుంచి ప్రాణరక్షణకు పనికొచ్చిన అలవాటు అందం రూపంలో మిగిలిందని ఆయన వాదం. దాని పుట్టుక గురించి పండితులు ఇంకా వాదించుకోవచ్చు. బెదిరిన పిల్లవాడు గది నడిమధ్య కాకుండా మూలకు జరిగి కూర్చుంటాడన్నది మాత్రం ఏ అంగన్‌వాడీలోనైనా కనబడేదే.

కాబట్టి సేదతీరే చోటుకు నాలుగు వైపులా గోడలు వద్దు, పూర్తి బయలూ వద్దు. రెండున్నర అడుగుల పొట్టిగోడ చాలు. నేలమీద కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల తల దాని చాటున ఉంటుంది, నిలబడిన టీచరుకు లోపలంతా కనబడుతుంది. చాటు, రక్షణ రెండూ ఆ ఒక్క కొలతలో కుదురుతాయి. కొలత పుస్తకం నుంచి తీసుకోకుండా, తరగతిలో పొట్టివాళ్లనూ పొడుగువాళ్లనూ కూర్చోబెట్టి టేపుతో కొలిచి తేల్చడం మంచిది. తలుపు గడియ పడే గది ఈ పనికి ఎప్పుడూ తగదు.

కళ్ల ముందు ఏముండాలన్నదానికి రెండు ప్రసిద్ధ పరిశోధనలు ఉన్నాయి. 1984లో రోజర్ అల్రిచ్ ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స తర్వాత కిటికీ లోంచి చెట్లు కనబడిన రోగులు, ఇటుకగోడ కనబడినవాళ్లకన్నా త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. రేచల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు దీనికి వివరణ ఇచ్చారు. లెక్క చేసేటప్పుడు మనసును పట్టి ఉంచాలి, ఆ పట్టు అలసిపోతుంది. కదిలే ఆకులు, మబ్బులు, చీమల బారు మనసును బలవంతం లేకుండా తమవైపు తిప్పుకుంటాయి. ఆ సమయంలో అలసిన పట్టుకు విశ్రాంతి దొరుకుతుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రం కొండ వైపు కూర్చుని మాట్లాడకుండా సూర్యాస్తమయం చూస్తారు, దాన్ని అస్తాచల్ అంటారు. దానికి కావలసిన సామాను ఏమీ లేదు. గిద్దలూరు పిల్లలకు పడమట నల్లమల ఉంది. ప్రహరీ ఎత్తు, షెడ్డు స్థలం నిర్ణయించేటప్పుడు ఆ కొండ కనబడేలా చూసుకోవడం ఏ ఖరీదైన అలంకారం కన్నా మేలు.

ఆరుబయట వెలుగుకు మరో లాభం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బళ్లలో మొదటి తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచారు. మూడేళ్లలో వాళ్లలో 30.4 శాతానికి దూరపు చూపు మందగించింది, మామూలు బళ్లలో 39.5 శాతానికి. ఈ ఫలితం 2015లో వెలువడింది.

గుండె నెమ్మదించే దారి

భయం కలిగినప్పుడు మెదడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథులకు కబురు పంపుతుంది. అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, కాసేపటికి కార్టిసాల్ తోడవుతుంది. పరీక్ష పేపరు, మాస్టారి కేక, ఇంట్లో గొడవ ఏదైనా దారి ఇదే. వేడి, చప్పుడు కూడా ఇదే దారిలో ఎంతో కొంత తోస్తాయి. ఆ స్థితిలో ఉన్న పిల్లకు "శాంతంగా ఉండు" అని చెబితే మాట లోపలికి దిగదు. ముందు ఒళ్లు నెమ్మదించాలి. ఒంటికి బ్రేకు లాంటిది మెదడు నుంచి గుండె దాకా సాగే వేగస్ నాడి. ఊపిరి వదిలేటప్పుడు అది గుండెను కొద్దిగా నెమ్మదింపజేస్తుంది.

> చేసి చూడండి: చేతి నాడి
> మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి నాడి పట్టుకోవాలి. నిదానంగా ఊపిరి పీలుస్తూ, ఇంకా నిదానంగా వదులుతూ గమనిస్తే, పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గరపడడం, వదిలేటప్పుడు ఎడంకావడం చాలామంది పిల్లలకు తెలుస్తుంది. అందుకే వదిలే ఊపిరిని పొడిగించే ఆటలు పనిచేస్తాయి. కాగితపు గాలిమరను ఊదడం, సబ్బు బుడగలు ఊదడం అలాంటివే.

ముందు లెక్క, తర్వాత బొమ్మ

ప్రభుత్వ బళ్లను బాగుచేసే మన బడి నాడు-నేడు కార్యక్రమం 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైంది. తొలి విడతలో 15,715 బళ్లకు మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు వచ్చాయి. ఆ అవసరాలు నిజమైనవి. వాటి మీద పిల్లలు చేర్చగలిగేది పెద్దవాళ్ల జాబితాలో ఉండని సమాచారం: ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎక్కడికి వెళ్లడానికి జంకుతున్నారు.

బడి నమూనాపటం ఒకటి గీసి, ఐదు రోజులపాటు ఇంటర్వెల్‌లో ప్రతి పిల్లా ఎక్కడ ఉందో చుక్క పెడితే చుక్కలు కొన్ని చోట్ల గుంపుకడతాయి. ఆడపిల్లల చుక్కలు ఒక రంగు, మగపిల్లలవి ఒక రంగు, చిన్న తరగతులవి మరో రంగు పెడితే మరింత తెలుస్తుంది. మైదానం నడిమధ్యంతా ఒకే రంగు నిండి, మరో రంగంతా గోడ వార ఉంటే, చోటు ఎవరికి కావాలో పటమే చెప్పినట్టు. ఒక జట్టు వేడిని, ఒక జట్టు చప్పుడును, ఒక జట్టు చుక్కలను చూసుకోవచ్చు. తర్వాత అట్టతో చిన్న నమూనా చేసి, దానికన్నా ముఖ్యంగా, అసలు చోట తాడు, చీరలు కట్టి నిలువెత్తు నమూనా నిలబెట్టి రెండు రోజులు వాడి చూడాలి. అట్ట బొమ్మలో అందంగా కనబడిన మూల నిజంగా కూర్చుంటే ఉక్కగా ఉండవచ్చు.

అహ్మదాబాద్‌లో కిరణ్ బీర్ సేథీ 2009లో మొదలుపెట్టిన డిజైన్ ఫర్ చేంజ్ ఇదే వరుసను నాలుగు మాటల్లో పిల్లలకు అందించింది: అనుభూతి చెందు, ఊహించు, చెయ్యి, పంచుకో. యూనిసెఫ్ కోసం రోజర్ హార్ట్ 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీశాడు. కింది మూడు మెట్లు భాగస్వామ్యమే కాదని ఆయన తీర్పు. అందులో రెండోదాని పేరు అలంకారం. పెద్దవాళ్లు నిర్ణయించి, ప్రారంభోత్సవం రోజున పిల్లల చేత రిబ్బను పట్టించే ప్రాజెక్టులు ఆ మెట్టు మీదే ఆగిపోతాయి.

నీళ్లు, దారి

మార్కాపురం వైపు చాలా గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. అది దాటితే పెరిగే పళ్ల మీద మచ్చలు పడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు గట్టిబారతాయి. మట్టికుండ నీటిని చల్లబరుస్తుంది, ఫ్లోరైడ్‌ను తీయదు. మరిగిస్తే నీరు ఆవిరై మిగిలినదాంట్లో దాని పాలు ఇంకా పెరుగుతుంది. సేదతీరే చోట పెట్టే కుండలో పోసేది పరీక్ష చేయించిన నీరు లేదా ఆర్వో ప్లాంటు నీరు అయి ఉండాలి.

ఆ చోటుకు చక్రాల కుర్చీ వచ్చే వాలు దారి ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. నీడకు వేప, కానుగ ఈ నేలలో తక్కువ నీటితో బతుకుతాయి.

తెరిచాక

ఈ చోటు శిక్షకు వాడకూడదు. అల్లరి చేసినవాణ్ని ఒక్కసారి అక్కడికి పంపితే, మర్నాటి నుంచి అక్కడ కూర్చున్న ప్రతి పిల్లా తప్పుచేసినట్టు కనబడుతుంది. వెళ్లడం, రావడం పిల్లల ఇష్టమైతేనే చోటు పనిచేస్తుంది. అలాగే ఇది వైద్యం కాదు. వారాల తరబడి ఒకే పిల్ల అక్కడే ఉంటే, తిండి, నిద్ర తగ్గితే టీచరు కనుక్కోవాలి. మానసిక సాయానికి టెలీమానస్ నంబరు 14416, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098. రెండూ పొట్టిగోడ మీద పిల్లల కంటి ఎత్తులో రాసి ఉండాలి.

రెండు వారాలయ్యాక జట్లు మళ్లీ చుక్కల పటం గీయాలి. చుక్కలు కొత్త చోటుకు జరగకపోతే కారణం కొలవాలి. ఎండ పడే గంట మారి ఉండవచ్చు, పెద్ద తరగతులు ఆక్రమించి ఉండవచ్చు. పైకప్పు సున్నం దుమ్ముపట్టి వానకు కడుక్కుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందు మళ్లీ వేయాలి. బొంతలను నెలకోసారి దింపి దులిపి ఎండలో ఆరేయాలి. ఆ పని ఏ నెల ఏ తరగతిదో రాసిన కాగితం బొంత కర్ర పక్కనే గోడకు ఉండాలి.